గౌరవం మోసే స్తంభం

ఇకమీదట మన దేశంలో దూరం అనే మాటే ఉండదని మంత్రిగారు ప్రకటించారు. పొద్దున పెట్టిన సభకు సాయంత్రం వచ్చి ప్రకటించారు. దూరం ఉండటం వల్లే ఆలస్యమైందనీ, హైస్పీడ్ రైలు వచ్చాక తాము కూడా సభలకు వేళకే వస్తామనీ మాట ఇచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. ఇంత నిజాయితీగా సంజాయిషీ చెప్పుకున్న మంత్రిని మా వైపు అంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆ రైలుకీ మా ఇంటికీ చుట్టరికం కలిపింది మా అక్క. సివిల్ డిప్లొమా చదివి హైస్పీడ్ రైలు పనిలో టెక్నీషియన్‌గా చేరింది. టెక్నీషియన్ అంటే ఏం చేస్తారని వీధిలో అందరూ అడిగేవాళ్లు.

"ఇంజనీరు గీసినదానికీ మేస్త్రీ కట్టినదానికీ తేడా రాకుండా చూడటం," అని చెప్పేది అక్క.

"తేడా వస్తే?"

"మళ్లీ గీస్తారు."

పోసిన కాంక్రీటు మీద తడి గోనెలు ఆరిపోకుండా చూడటం, ఇనుప కడ్డీలు ఎంతెంత ఎడంలో ఉన్నాయో కొలవటం, మూడు కాళ్ల పరికరంలోకి ఒక కన్ను మూసి చూడటం అక్క పని. అలా ఒంటికన్నుతో చూసి చూసి మెల్ల వస్తుందేమోనని అమ్మ బెంగ. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేవాళ్లు. అందుకని అక్క పై అధికారులతో మాట్లాడేటప్పుడు ప్రతి మాటా "సార్"తో మొదలుపెట్టి "సార్"తో ముగించేది. మధ్యలో చోటు మిగిలితే విషయం చెప్పేది.

పెద్ద కట్టడాల్లో ఒక పద్ధతి ఉంది. అసలు స్తంభాలు మొదలుపెట్టే ముందు, లైనుకి దూరంగా, ఎవరికీ అడ్డం రాని చోట ఒక నమూనా స్తంభం కడతారు. పైవాళ్లు వచ్చి దాని నునుపు, రంగు, అంచులు చూసి, "అన్నీ ఇలాగే ఉండాలి" అని తల ఊపి వెళ్తారు. దాని మీద ఏ రైలూ నడవదు. దానికి లోతు పునాది కూడా ఉండదు. ఒక కాంక్రీటు పలక మీద నిలబెడతారు, అంతే. బట్టల కొట్టు ముందు నిలబెట్టే బొమ్మ లాంటిదన్నమాట. చొక్కా బొమ్మకే బాగుంటుంది, తొడుక్కునేది ఇంకొకరు.

నమూనాకి చోటు చూడమంటే అక్క మా ఇంటి వెనక ఖాళీ జాగా చూపించింది. నేల గట్టిది. నీళ్ల కుళాయి దగ్గర. అన్నిటికంటే ముఖ్యం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి వెళ్లొచ్చు.

స్తంభం నిజంగానే అందంగా లేచింది. ఎక్కడా పగులు లేదు, మరక లేదు. మనిషి తల ఎత్తున ఎర్ర రంగుతో 'నమూనా' అని రాశారు. పైవాళ్లు వచ్చి తల ఊపి వెళ్లిపోయారు. వాళ్ల కారు మలుపు తిరగ్గానే అమ్మ వంటింటి కిటికీ ఊచల నుంచి స్తంభానికి తాడు లాగి బట్టలు ఆరేసింది. ఆ తర్వాత ఒకరోజు పెద్ద ఇంజనీరుగారు వచ్చి, తాడుని, తాడు మీది దుప్పట్లని చాలాసేపు చూశారు. అమ్మ భయపడింది.

"ఉండనివ్వండమ్మా," అన్నారాయన. "ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా ఉపయోగంలోకి వచ్చింది ఇదొక్కటే."

అలా అందరం సుఖంగా ఉండగా మంత్రిగారికి ఆవిష్కరణ చేయాలని బుద్ధి పుట్టింది. ముందుగా వారి పీయేగారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. చుట్టుపక్కల నీడ ఉన్నది అక్కడే. నేను కిటికీ చాటున ఉన్నాను. నా చోటు ఎప్పుడూ అదే.

"ఏం చూపిస్తారు?" అన్నారు పీయేగారు.

"పని జోరుగా సాగుతోందండీ," అన్నారు పెద్ద ఇంజనీరుగారు. "అంతా భూమిలో ఉంది."

"భూమిలోనా?"

"పునాదులండీ. లైను పొడుగునా దింపాం. అవి అయ్యాక స్తంభాలు లేస్తాయి."

"మంత్రిగారు గోతిలోకి వంగి చూస్తున్న ఫొటో పేపర్లో వేయమంటారా? ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. మంత్రిగారు పైకి చూడాలి. మంత్రిగారిని జనం చూడాలి."

అంటూ పీయేగారు అరుగు దిగి, ఇంటి పక్కకి నడిచి, తామే పైకి చూశారు. మా బట్టల తాడు కనబడింది. తాడు వెంట చూపు పాకించుకుంటూ వెళ్లారు.

"అదేంటది?"

"సార్, అది శాంపిల్ సార్," అంది అక్క.

"నిలబడే ఉందిగా?"

"ఉంది సార్."

"చాలు."

ఒక్క ఫొటో కోసమేననీ, మంత్రిగారు వచ్చి, తెర లాగి, వెళ్లిపోతారనీ పెద్ద ఇంజనీరుగారు అక్కకి ధైర్యం చెప్పారు. తనకి తాను కూడా చెప్పుకున్నారు. తెర కుట్టే పని మా నాన్నకి ఇచ్చారు. నాన్న దర్జీ. నిచ్చెన వేసుకుని స్తంభానికి కొలత తీశాడు. "ఇన్నేళ్లలో ఇంత మంచి గిరాకీ తగల్లేదు. కొలత తీస్తున్నంతసేపూ కదల్లేదు, పొట్ట లోపలికి లాగలేదు," అన్నాడు. ఎర్ర అక్షరాల మీద శిలాఫలకం బిగించారు. సరిగ్గా సరిపోయింది. అంత కచ్చితంగా సరిపోయిన పని ఆ లైను మొత్తం మీద ఇంకోటి లేదని మేస్త్రీ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. తెర జారింది. మంత్రిగారు తల ఎత్తి స్తంభాన్ని కింద నుంచి పైదాకా చూశారు. అదే చిక్కైంది. ఆయనకి స్తంభం నచ్చింది.

"ఇది స్తంభం కాదు," అన్నారు మైకులో. "ఇది నా మాట. ఇది తొలి స్తంభం. తొలి రైలు ఈ స్తంభాన్ని తాకుతూనే వెళ్తుంది. వెళ్లకపోతే రాజకీయాలు మానేస్తాను."

పెద్ద ఇంజనీరుగారు చప్పట్లు కొడుతూ ఉన్నారు. కలిసిన చేతులు కలిసినట్టే ఉండిపోయాయి.

మర్నాడు అధికారులంతా మా అరుగు మీద చేరారు. అమ్మ మంచినీళ్లు ఇస్తూ తిరిగింది. స్తంభాన్ని లైను దగ్గరికి జరపటమా, లైనుని స్తంభం దగ్గరికి జరపటమా అన్నది ప్రశ్న.

"స్తంభం కాంక్రీటు. లైను కాగితం," అన్నారు పెద్ద ఇంజనీరుగారు. "ఏది తేలికో మీరే చెప్పండి."

అందరూ ఆ తెలివికి తలలు ఊపారు. మలుపులు లెక్కగట్టే నిపుణుడు ఒకాయన మాత్రం గొంతు సవరించుకున్నాడు. "ఈ రైలు తిరగాలంటే చాలా ముందునుంచి, కనబడనంత మెల్లగా వంపు తీయాలండీ. ఇంత దగ్గర్లో ఇట్లా మెలి తిప్పితే పట్టాల మీద ఉండదు. సైకిలు వేగంతో పోతే తప్ప."

"ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొక దారి," అంది అమ్మ గ్లాసులు తీస్తూ. ఎవరిని అందో తేల్చుకోలేక అందరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

సంగతి మంత్రిగారికి ఫోన్లో చెప్పారు. వారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గొప్పవాళ్లకి ఆలోచన అడ్డు రాదు.

"మంచిదేగా. అక్కడ జనం నిలబడి చెయ్యి ఊపుతారు. మనమూ ఊపాలి. రివ్వున పోతే ఎవరికి ఊపుతాం?"

అలా హైస్పీడ్ రైలు మా దగ్గర సైకిలు వేగంతో నడవాలని సాంకేతిక కమిటీ తీర్మానించింది. కొత్త లైను గీశారు. అక్క దాన్ని కాగితం మీద చూసి ఆ రోజు భోజనానికి ఇంటికి రాలేదు.

తర్వాతి రోజు వచ్చింది. భోజనానికి కాదు. ఇద్దరు పనివాళ్లతో, మూడు కాళ్ల పరికరంతో, ఇనుప మేకులతో వచ్చింది. పరికరాన్ని వీధిలో నిలబెట్టి, రెండు తలుపులూ బార్లా తీయించి, మా వంటింటి వైపు తిప్పింది.

"అమ్మా, కొంచెం పక్కకి జరుగు. పాయింటు నీ వెనక ఉంది."

"నా వెనక పొయ్యి ఉంది."

"అదే పాయింటు."

అమ్మ పొయ్యి మీది పాలగిన్నె దింపి, తిరిగి చూసింది. "ఎవరింట్లోనైనా పిల్లలు చేతికందొస్తే ఇంకో గది వేస్తామంటారు. మా పెద్దది ఉన్నదానికి మేకు కొడతానంటోంది. ఆ గుంజని ఇక్కడ పాతమని ఎవరు చెప్పారే నీకు?"

"నీ చేతి వంటకి దగ్గరని పెట్టించానమ్మా."

"ఆ మాత్రానికి గుంజ పాతించాలటే? డబ్బాలో పెట్టివ్వనా నేను?"

అక్క పరికరానికి కన్ను ఆనించి వంగి నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది. ఏం చూస్తోందో నాకు అర్థం కాలేదు. పరికరం అద్దానికి మూత ఇంకా తీయలేదు.

మాది నాన్న ఒక్కో గదీ ఒక్కో ఏడు కట్టిన ఇల్లు. ముందు అరుగు, అరుగు మీద కుట్టు మిషను, లోపల రెండు గదులు, వెనక వంటిల్లు. మాకు ఇంకోటి లేదు. ఆ సాయంత్రం అక్క ధైర్యం తెచ్చుకుని పెద్ద ఇంజనీరుగారిని కలిసింది. నేనూ వెంట వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాను.

"సార్, ఆ స్తంభానికి పునాది లేదు సార్. రైలు దాని మీదెక్కితే కూలిపోతుంది సార్. లైను ఇటు తెచ్చి లాభం లేదు సార్."

"నాకు తెలియదా అమ్మా?" అన్నారాయన మెత్తగా. "దాని మీద ఎవరెక్కిస్తారు? దాని పక్కనే అసలు స్తంభం కడతాం. రైలు దాని మీద పోతుంది. ఇది రైలు బరువు మోయదు. మంత్రిగారి గౌరవం మోస్తుంది."

"పక్కనంటే ఎక్కడ సార్?"

"పక్కనంటే మీ ఇల్లే."

మంచి మనిషి. మంచినీళ్లు ఇప్పించారు.

నాన్న మంత్రిగారినే కలుస్తానన్నాడు. ఉన్నవాటిలో బాగున్న చొక్కా వేసుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ముందుగదిలో పీయేగారు ఉన్నారు.

"లైనుని ఒక్క రవ్వ పక్కకి జరపండి బాబూ," అన్నాడు నాన్న.

"మంత్రిగారి మాట జరుగుతుందా?"

"మరి నా ఇల్లు జరుగుతుందా బాబూ?"

"జరగదనే కదా కూలుస్తున్నాం."

ఈ జవాబులో లోపం ఏమిటో నాన్న ఇంకా వెతుకుతుండగానే మమ్మల్ని లోపలికి పిలిచారు. మంత్రిగారు నాన్న భుజం మీద చెయ్యి వేశారు. నా తల నిమిరారు. ఫొటో తీశారు. అందులో నా ముఖం సగమే పడింది. మిగతా సగం నాన్న వెనక ఉంది.

"నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు," అన్నారు మంత్రిగారు. "నీ ఇల్లు ఎక్కడికీ పోవటం లేదయ్యా. రైలే నీ ఇంటికి వస్తోంది. అందరూ రైలు దగ్గరికి పోతారు. రైలు ఎవరింటికి వచ్చింది చెప్పు ఇప్పటిదాకా?"

దారిలో నాన్న రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత, "ఆయన చెప్తున్నంతసేపూ నిజమేననిపించిందే చిన్నీ," అన్నాడు. "గేటు దాటాక ఇల్లు గుర్తొచ్చింది."

కూల్చే యంత్రం వచ్చింది. నడిపేవాడు మర్యాదస్తుడు. బట్టలు ఇంకా ఆరలేదు, కాస్త ఆగమని అమ్మ అడిగితే ఇంజను ఆపి, అవి ఆరేదాకా ఆగాడు. తర్వాత వంటింటితో మొదలుపెట్టాడు. నాన్న కుట్టు మిషను నెత్తిన పెట్టుకుని వీధి చివర నిలబడ్డాడు, దింపుకోమని ఎవరూ చెప్పలేదు కాబట్టి దింపలేదు. నేల చదును సరిగ్గా వచ్చిందో లేదో చూడాల్సింది టెక్నీషియనే కనక అక్క వచ్చి చూసింది. చక్కగా వచ్చిందని పైకి తెలియజేసింది. ఆ ఏడు అక్క ఉద్యోగం పొడిగించారు.

మేం పంక్చర్ల కొట్టు మీద ఒక్క గదిలోకి మారాం. మెట్లు ఇరుకు కావటంతో మిషను పైకి ఎక్కలేదు. నాన్న పంక్చర్ల కొట్టు వాడి పక్కనే దాన్ని వేసుకుని కూర్చున్నాడు. జనం ట్యూబులు తెచ్చి నాన్నకిచ్చి, చొక్కాలు తెచ్చి అతనికిచ్చేవాళ్లు.

రైలు పని సంగతి అంటారా. లైను మారింది కాబట్టి పాత లైను మీద పని ఆపేశారు. కొత్త లైనుకి అనుమతి రాలేదు కాబట్టి కొత్త లైను మీద మొదలుపెట్టలేదు. పని రెండు చోట్లా సమానంగా ఆగింది. దేనికీ అన్యాయం జరగలేదు. పెద్ద ఇంజనీరుగారికి ప్రమోషన్ వచ్చి ఇంకా పెద్ద ఇంజనీరుగారయ్యారు. మా ఇల్లున్న చోట గడ్డి మొలిచింది. నమూనా స్తంభం మాత్రం పగులు లేకుండా, మరక లేకుండా, చూసినవాళ్లకి ఇంకా చూడాలనిపించేలా నిలబడి ఉంది.

ఇంతలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. తొలి రైలు ఈ పదవీకాలంలోనే నడుస్తుందని మంత్రిగారు ఎప్పుడో అనేసి ఉన్నారు. పీయేగారు మళ్లీ వచ్చారు. అరుగు లేదు కాబట్టి ఈసారి ఎండలో నిలబడే మాట్లాడారు.

"సార్, పట్టాలు లేవు సార్," అంది అక్క.

"రైల్లో కూర్చున్నవాడికి పట్టాలు కనబడతాయా?"

"కనబడవు సార్."

"రైలు బయట ఉన్నవాడికి కదా కనబడేది. బయట ఎవరినీ ఉంచం."

ఎక్కడో ఎగ్జిబిషన్‌లో జనానికి చూపించటానికి చేసిన నమూనా బోగీ ఒకటి ఉందట. కుర్చీలు, దీపాలు, చల్లగాలి, పెద్ద పెద్ద కిటికీలు అన్నీ ఉన్నాయి. చక్రాలు లేవు. దాన్ని లారీ మీద తెచ్చారు. నమూనా స్తంభం చుట్టూ ఇనుప చట్రం కట్టి, క్రేనుతో బోగీని ఎత్తి చట్రం మీద పెట్టారు. మంత్రిగారి మాట ప్రకారం స్తంభం నెత్తి బోగీ అడుగుని తాకుతూనే ఉంది. చట్రం కనబడకుండా చుట్టూ తెర కట్టాలని నాన్నని మళ్లీ పిలిచారు. పాత కొలతలు నాన్నకి గుర్తే. బోగీ ఒక పక్కకి ఒరగకుండా మట్టం చూసే పని అక్కది. రెండు రోజులు తిప్పలు పడి, ఎక్కడ గోళీ పెట్టినా దొర్లకుండా చేసింది. ఆ రెండు రోజుల్లో అక్క ముఖంలో కాస్త వెలుగు కూడా చూశాను. ఏది ఏమైనా పని పనే.

తొలి ప్రయాణికులు ఎవరన్న ప్రశ్న వచ్చింది. రైలు కోసం ఇల్లు ఇచ్చిన త్యాగమూర్తులే తొలి ప్రయాణికులని మంత్రిగారు ప్రకటించారు. త్యాగమూర్తులంటే మేమేనని కబురు తెచ్చినవాడు చెప్పేదాకా మాకు తెలియలేదు.

తివాచీ పరిచిన మెట్లెక్కి లోపలికి వెళ్లాం. అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నేను అమ్మ పక్కన, నాన్న ఎదురుగా. అక్క హెల్మెట్ పెట్టుకుని తలుపు దగ్గర. మిగతా కుర్చీల నిండా కెమెరాలవాళ్లు. మంత్రిగారు చివర ఎక్కారు. లౌడ్‌స్పీకర్‌లో కూత వినిపించింది. రైలు బయలుదేరిందని మైకులో చెప్పారు.

మంత్రిగారు ముందున్న బల్ల మీద నిండుగా నీళ్లున్న గ్లాసు పెట్టించారు. అందరం గ్లాసు వైపు చూశాం.

"చూడండి," అన్నారు. "చుక్క తొణకలేదు."

కెమెరాలు గ్లాసుని దగ్గరగా తీశాయి. మంత్రిగారు కళ్లు మూసుకుని వెనక్కి వాలారు. "కదులుతున్నట్టే లేదు. ఇదీ టెక్నాలజీ అంటే. ఏమ్మా, నువ్వు టెక్నీషియన్‌వి కదా, నువ్వు చెప్పు. కదులుతున్నట్టుందా?"

"లేదు సార్," అంది అక్క.

అంత సూటిగా ప్రభుత్వానికి జవాబు చెప్పటం అక్కకి అదే మొదటిసారి.

అందరూ ఆనందించారు. ఒక విలేకరి లేచి, ఇంత నిలకడైన రైలు మరే దేశంలోనైనా ఉందా అని అడిగాడు. ఉండే అవకాశం లేదన్నారు మంత్రిగారు. నాన్నకి కూడా నమ్మకం కుదిరినట్టుంది, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

అమ్మ మాత్రం ఎక్కినప్పటి నుంచీ కిటికీ నుంచి తల తిప్పలేదు. అద్దానికి నుదురు ఆనించి కిందికే చూస్తోంది. మంత్రిగారికి అది నచ్చింది. మైకు తీసుకుని వచ్చి అమ్మ పక్కన వంగి నిలబడ్డారు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. నేను కుర్చీలోనే ఇంకొంచెం కిందికి జారాను.

"ఎలా ఉందమ్మా ప్రయాణం?"

అమ్మ తిరిగి చూడలేదు.

"మా ఇల్లు ఇక్కడే ఉండాలి బాబూ. ఎంత చూసినా కనబడటం లేదు."

పీయేగారు మైకు వైపు చెయ్యి చాచారు. మంత్రిగారు ఆయన్ని కళ్లతోనే ఆపి, నిటారుగా నిలబడి, కెమెరాల వైపు తిరిగారు.

"విన్నారుగా. సొంత ఇల్లు ఎప్పుడు దాటిపోయిందో కూడా తెలియనంత వేగం."

చప్పట్లు మోగాయి. గ్లాసులో నీళ్లు అప్పుడు కొంచెం తొణికాయి. స్టేషన్ వచ్చిందని మైకులో చెప్పారు. ముందు మంత్రిగారు దిగారు, వెనక కెమెరాలు, ఆ వెనక నాన్న, నేను. ఎక్కిన మెట్ల మీదుగానే దిగాం.

అమ్మ దిగలేదు. అక్క లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే, మన ఇల్లు వచ్చాక దిగుతానంది.